పంపినవారి పట్టికలో ఒక వరుస

నవంబరు 7, శుక్రవారం

ఈ రోజు పట్టికలో ఒక్క వరుస రాశాను. ఎడమ పక్క నిదానంగారి మెయిల్ అడ్రసు, కుడి పక్క 'నిల్వ' అని. పట్టిక మళ్ళీ చదువుకోమని సర్వర్‌కి చెప్పి టీకి వెళ్ళొచ్చాను. రెండు నిమిషాల పని.

మధ్యాహ్నం మేనేజరుగారు గదికి పిలిచి తలుపు వేయమన్నారు. నిదానంగారిని సస్పెండ్ చేసి తొమ్మిది రోజులైనా ఆయన ఆస్పత్రి మొత్తానికి రోజుకో ఉత్తరం పంపుతూనే ఉన్నారట. నర్సులు వార్డులు వదిలేసి అవే చదువుకుంటున్నారట. ఆపమన్నారు. వెనక్కి కొట్టొద్దు, ఆపినట్టు ఆయనకి తెలియకూడదు అని కూడా అన్నారు. మర్చిపోతానేమోనని చీటీ మీద రాసిచ్చారు. అందుకే నిల్వ పెట్టె. ఆయన పంపుతారు, మా సర్వర్ మర్యాదగా పుచ్చుకుంటుంది, నెల రోజులుంచి తనే తుడిచేస్తుంది. ఎవరికీ నొప్పి లేదు.

పంపినవాళ్ళని బట్టి ఉత్తరాన్ని దారి మళ్ళించడం నాకు నేర్పింది ఆయనే. కవరు మీద ఎవరు పంపారో చూడు, ఎటు పోవాలో చెప్పు, లోపలికి తొంగిచూడకు అనేవారు. ప్రతిదానికీ నిదానం నిదానం అంటారని ఆస్పత్రిలో ఆ పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిస్తే పలుకుతారో లేదో కూడా అనుమానమే. ఆరేళ్ళు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఆయన పని నేను చూస్తున్నాను, ఇన్‌ఛార్జిగా.

చెప్పిన పని చేశాను. అంతే.

నవంబరు 8, శనివారం

ఉత్తరాలు ఆగిపోయాయి. మేనేజరుగారు మెట్ల మీద ఎదురుపడి నవ్వారు.

నవంబరు 10, సోమవారం

నిల్వ పెట్టె తెరిచి చూశాను. వరుస సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా. మూడున్నాయి, మూడూ అందరికీ రాసినవే. లోపల చదవలేదు. మొదటి రెండు వాక్యాలు తెర మీద వాటంతటవే కనిపిస్తాయి, దానికి నేనేం చెయ్యను.

సాయంత్రం అక్క దుస్తులు కుడుతోంటే పక్కన కూర్చున్నాను. మిషను నేను తొక్కుతోంటే నీ కాలెందుకే ఆడుతోంది అంది. చలి అన్నాను.

నవంబరు 12, బుధవారం

పదకొండూ ఏడుకి ఒకటొచ్చింది. ఇది అందరికీ కాదు, విచారణ కమిటీకి. 'నా మీద మోపిన అభియోగానికి జవాబు' అని పైన ఉంది. నాలుగు కాగితాలు జత చేశారు.

అది కమిటీకి చేరలేదు. నా వరుస దాన్ని కూడా ఎత్తి నిల్వలో పడేసింది. ఎవరు పంపారన్నది ఒక్కటే ఆ పట్టికకి తెలుసు, ఎవరికి పంపారో దానికి అక్కర్లేదు. ఆయన మా అడ్రసుల్లో దేనికి రాసినా సరే, నిల్వకే.

జవాబుకి గడువు 21 సాయంత్రం అయిదు. తొమ్మిది రోజులుంది. రేపు పొద్దున్నే కమిటీ పెట్టెలోకి నెట్టేస్తే సరిపోతుంది. ఇదీ రెండు నిమిషాల పనే.

నవంబరు 13, గురువారం

నెట్టడం అనుకున్నంత తేలిక కాదు. ఎప్పుడొచ్చింది, ఎక్కడాగింది, ఎప్పుడు కదిలింది అన్నీ ఉత్తరం వీపు మీదే రాసుంటాయి. నిల్వలో ఎందుకాగిందని ఎవరైనా అడిగితే? మేనేజరుగారిని అడిగే చేద్దామనుకున్నాను. ఆయన ఇవాళ సెలవు.

చదివాను. మొత్తం. సరైన ఉత్తరమో కాదో తెలియకుండా ఎలా నెడతాను.

నర్సుల సెలవులు కోస్తామని మేనేజరుగారు రాసుకున్న రహస్యపు మెయిల్ పోయిన నెల ఆస్పత్రి మొత్తానికి వెళ్ళిపోయింది కదా. నిదానంగారు మేనేజరుగారి పెట్టెలో తొంగిచూసి, తీసి అందరికీ పంపారన్నది అభియోగం. ఆయన జవాబు అరపేజీ. ఆ మెయిల్ బయల్దేరింది మేనేజరుగారి సొంత ఫోను నుంచి, నాలుగూ పదికి. ఆ గంటలో తను పన్ను పీకించుకుంటున్నానని దంతాల డాక్టరు కాగితం జత చేశారు. మేనేజరుగారు ఒకరికి పంపబోయి వేలు జారి అందరికీ పంపారు, అది తన మీద పెట్టారు అని ఆయన అనలేదు. చదివినవాళ్ళకి అదే అర్థమవుతుంది. అందరికీ రాసిన ఉత్తరాల్లో మాత్రం ఆ మాట ఎక్కడా దాచలేదు. అవి కూడా చదివాను.

నవంబరు 14, శుక్రవారం

రేపు.

నవంబరు 15, శనివారం

ఇవాళ నా వంతు సెలవన్న సంగతే మర్చిపోయాను. బీరువా సర్దాను. మళ్ళీ సర్దాను. అక్క తలుపు దగ్గర నిలబడి చూసి, ఏం పోగొట్టుకున్నావే అంది.

నవంబరు 17, సోమవారం

ఈసారి నాకు రాశారు. నాకొక్కదానికే. ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటున్నాను.

'అమ్మాయ్, ఆస్పత్రివాళ్ళెవరికీ ఫోన్ చెయ్యొద్దని నా ఆర్డరులో ఉంది. రాయొద్దని లేదు కాబట్టి రాస్తున్నాను. పన్నెండో తారీఖున కమిటీకి జవాబు పంపాను. అందిందన్న కబురు లేదు, వెనక్కీ రాలేదు. చేరిందో లేదో ఒక్కసారి చూసి చెప్పు. లోపల చదవక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ పని, ఈ ఒక్క కాగితం మీద ఉంది.'

పదీ నలభైకి వచ్చింది. నేను చూసేసరికి పదకొండు కాలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవలేదు. కాలుగాలిన పిల్లిలా రెండో అంతస్తూ మూడో అంతస్తూ తిరిగాను. ఎవరో ప్రింటర్ పనిచెయ్యట్లేదంటే పరుగెత్తుకెళ్ళాను. అది నా పని కూడా కాదు.

నవంబరు 18, మంగళవారం

ఆలోచిస్తే ఒకటి తేలింది. ఆ ఉత్తరం నా పెట్టెకి రాలేదు. నిల్వకి వచ్చింది. నా పెట్టెకి రాని ఉత్తరం నాకు రాసిందైనా నాకు అందినట్టు కాదు. అందని ఉత్తరానికి జవాబెలా ఇస్తాను?

రాశాక చదువుకుంటే, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి కూడా నాకంటే నయమనిపించింది. అయినా కొట్టెయ్యను. మాట తప్పేం కాదు.

నవంబరు 19, బుధవారం

జవాబు మళ్ళీ పంపారు. అదే ఉత్తరం, అవే నాలుగు కాగితాలు. పైన 'రెండోసారి' అని చేర్చారు.

నవంబరు 20, గురువారం

ఇవాళ ఆయన్ని చూశాను.

మా గది కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. పదిన్నర ప్రాంతంలో ఆయన ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని గేటు బయట నిలబడ్డారు. గేటు మనిషి ఆయన్ని పదేళ్ళుగా ఎరుగుదురు, కుర్చీ తెచ్చి వేశారు గానీ లోపలికి వదల్లేదు. ఫోల్డరు కూడా పుచ్చుకోలేదు. ఆస్పత్రిలో కాగితాలు తీసుకోవడం మానేసి రెండేళ్ళయింది, విచారణ జవాబులతో సహా ఏదైనా మెయిల్‌లోనే రావాలి. కాగితం పోతుంది, మెయిల్ పోదు అని పైవాళ్ళని ఒప్పించింది నిదానంగారే.

ఆయన కుర్చీలో కూర్చోలేదు. కాసేపు భవనం వైపు చూశారు. నేను కర్టెన్ వెనక్కి జరిగాను. అంత దూరం నుంచి ఆయనకి మనిషి ఆనవాలు కూడా తెలియదు, దూరపు చూపు తక్కువ. అయినా జరిగాను.

మధ్యాహ్నం కిందికి వెళ్ళి, ఎవరో వచ్చారటగా అని గేటు మనిషిని అడిగాను, ఏమీ ఎరగనట్టు. చెప్పారు. వెళ్తూ వెళ్తూ, సర్వర్ గదిలో ఏసీ నీళ్ళు కారుతోందేమో చూసుకోమని పైన అమ్మాయికి చెప్పండి అన్నారట. వెళ్ళి చూశాను. కారుతోంది. బకెట్ పెట్టాను.

నవంబరు 21, శుక్రవారం

అయిదయింది. అయిదున్నర బస్సుకి ఇంటికొచ్చాను.

నవంబరు 24, సోమవారం

మేనేజరుగారు పిలిచారు. నిదానంగారు జవాబు కూడా ఇవ్వలేదు చూశావా, ఒప్పుకున్నట్టే కదా అన్నారు. నాలుగో తారీఖున కమిటీ కూర్చుని తీసేస్తుందట. నన్ను పర్మినెంట్ చేసే ఆర్డరు తయారవుతోందట.

నోరు తెరిచాను. ఒకసారి నిల్వ పెట్టెలో చూడాలేమో సార్ అన్నాను. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"ఏం చూడాలమ్మా? నీకు చెప్పింది నువ్వు చేశావు. కమిటీ సంగతి కమిటీ చూసుకుంటుంది."

ఆయనకి అర్థమైందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం సరే సార్ అన్నాను. గొంతు బాగానే పలికింది.

నవంబరు 25, మంగళవారం

లెక్క చూసుకున్నాను. మొదటి జవాబు డిసెంబరు 12న దానంతటదే తుడుచుకుపోతుంది. నాకు రాసింది 17న, రెండో జవాబు 19న. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. చెరపక్కర్లేదు, అబద్ధమాడక్కర్లేదు. ఊరికే రోజూ పనికి వెళ్ళొస్తే చాలు.

నవంబరు 26, బుధవారం

అక్కకి చెప్పాను. నా సంగతని కాదు, మా ఆఫీసులో ఒకమ్మాయికి జరిగిందని. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని వింటోంది. అన్నీ ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చి, అప్పుడు మాట్లాడింది.

"ఆ అమ్మాయికి నిద్ర పడుతోందా?"

పడుతున్నట్టే ఉంది అన్నాను. అయితే ఆ అమ్మాయి వేరు, నువ్వు వేరు అంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేదాన్ని నేనే అని దానికి తెలియకపోతే కదా. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను చదువుతున్న మనిషి.

ఇంకేమీ అడగలేదు. దానికి నా మీద కోపమొచ్చినా బాగుండేది.

నవంబరు 28, శుక్రవారం

చీటీ దొరికింది. మేనేజరుగారు ఆ రోజు రాసిచ్చినది. వెతకలేదు. కీబోర్డు కింద ఉంది, నేనే పెట్టాను కాబట్టి ఎక్కడుందో తెలుసు. ఇన్నాళ్ళూ కీబోర్డు ఎత్తలేదు.

'ఆయన నుంచి ఉద్యోగులందరి గ్రూపుకి వచ్చేవి ఆపాలి.'

ఉద్యోగులందరి గ్రూపుకి. ఆయన ఎవరికేం రాసినా ఆపమని కాదు. కమిటీకి రాసేది ఆపమని అసలే కాదు. చెప్పిన పని చేశాను చెప్పిన పని చేశాను అని ఈ పుస్తకంలో మొదటి రోజే రాసుకున్నాను, ఆ పేజీ వెనక్కి తిప్పి చూడదలుచుకోలేదు.

చెప్పినట్టు చెయ్యాలంటే రెండు పట్టికలు కావాలి. పంపినది ఎవరు, పుచ్చుకునేది ఎవరు, రెండూ కలిస్తేనే ఆపాలి. ఇరవై నిమిషాల పని, ఒకసారి పరీక్షించుకోవడంతో కలిపి. నాకు రాక కాదు.

డిసెంబరు 1, సోమవారం

ఆర్డరు వచ్చింది. సంతకం పెట్టి పుచ్చుకున్నాను. ఇద్దరు ముగ్గురు అభినందించారు. ఒక నర్సు మాత్రం నన్ను చూసి ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించింది, ఫోన్ తలకిందులుగా ఉంది.

ఇంటికొచ్చి ఆర్డరు అక్కకి చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

డిసెంబరు 2, మంగళవారం

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

నవంబరు 6న ఆయన అందరికీ పంపిన ఉత్తరంలో, చివర్లో, ఒక మాట ఉంది. సర్వర్ గురించి. 'ఇప్పుడు చూస్తున్న అమ్మాయి తెలివైనది. కానీ తొందర మనిషి. ఇంకా రెండేళ్ళు పక్కన ఒకరుండాలి.' ఆస్పత్రి మొత్తం చదివింది. క్యాంటీన్‌లో ఎవరో, తొందరమ్మా, టీ చల్లారనివ్వు అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు మండిపోయాయి.

ఆ మర్నాడు మేనేజరుగారు పిలిచారు. చీటీ చేతిలో పట్టుకుని మెట్లెక్కుతూనే అనుకున్నాను, ఇంక ఆయన మాట ఒక్కటి కూడా ఈ గోడలు దాటి రాకూడదని. రెండు పట్టికల సంగతి గుర్తుంది. గుర్తుండే ఒక వరుసతో సరిపెట్టాను. కమిటీ అని ఒకటుందని ఆ క్షణాన తట్టలేదు, అది మాత్రం నిజం. తట్టినా రాసేదాన్నేమో తెలియదు. కోపంగా ఉన్నాను. సిగ్గుగా కూడా ఉంది. ఆయన అన్నది నిజమేనని నేనే రెండు నిమిషాల్లో రుజువు చేశాను.

ఆయన లోపలికి తొంగిచూశారని తీసేస్తున్నారు. తొంగిచూసింది నేను. పదమూడున, పదిహేడున, పంతొమ్మిదిన. అందరికీ రాసినవి కూడా, ఒక్కటీ వదలకుండా.

కమిటీ ఎల్లుండి కూర్చుంటుంది.

డిసెంబరు 3, బుధవారం

కమిటీకి ఎముకల డాక్టరుగారే పెద్ద. మెయిల్ రాద్దామని కూర్చున్నాను, మూడుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. మెయిల్ మీద నాకే నమ్మకం పోయింది. లేచి కిందికెళ్ళి, ఆవిడ గది ముందు టోకెన్ తీసుకున్నాను. ముప్ఫై ఒకటి. ముందంతా కట్లు, కర్రలు, నడుం నొప్పులు. రెండు గంటలు కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. పక్కనున్న ముసలావిడ, ఎక్కడమ్మా నొప్పి, కుదురుగా కూర్చోలేకపోతున్నావు అని జాలిపడింది.

లోపలికి వెళ్ళగానే డాక్టరుగారు కూడా అదే అడిగారు, ఎక్కడ నొప్పి అని. చెప్పాను. వరుస, నిల్వ పెట్టె, రెండు జవాబులు, నాకు రాసిన ఉత్తరం. చీటీ ముందు పెట్టాను. మేనేజరుగారు అడిగింది ఇంతే, మిగతాది నేను చేసింది అన్నాను. రెండు జవాబులూ ప్రింట్ తీసిచ్చాను. ఆవిడ నిలబడే చదివారు, దంతాల డాక్టరు కాగితం రెండుసార్లు చదివారు.

"ఇవి నువ్వు చదివావా?"

"చదివానండీ."

"ఎప్పుడు?"

"మొన్న. పెట్టె సర్దుతోంటే కనపడ్డాయి."

ఇంత చెప్పి అక్కడ అబద్ధమాడాను. ఎందుకో తెలియదు. తెలుసు. పొరపాటు చేసిందంటే జాలిపడతారు. చూసి, చదివి, మూడు వారాలు ఊరుకుందంటే ఎవరూ జాలిపడరు. ఆవిడ తల ఊపి, పోనీలే ఇప్పటికైనా వచ్చావు అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా సగం దొంగదే.

పైకొచ్చి వరుస తీసేశాను. రేపు కమిటీ కూర్చోదట. తొమ్మిదిన ఆయన్ని పిలిపిస్తారట.

డిసెంబరు 5, శుక్రవారం

మేనేజరుగారు నన్ను దాటి వెళ్ళిపోయారు, గోడని దాటినట్టు. పర్మినెంట్ ఆర్డరు ఆపారు.

డిసెంబరు 7, ఆదివారం

మొన్న అన్న ఒక్క మాట వదలట్లేదు. అన్నం తింటోంటే అదే, స్నానం చేస్తోంటే అదే. ఎవరికి తెలుస్తుందని. ఉత్తరం ఎప్పుడొచ్చిందో రాసుంటుంది గానీ నేనెప్పుడు చదివానో ఎక్కడా రాసుండదు. ఈ పుస్తకంలో తప్ప.

డిసెంబరు 9, మంగళవారం

కమిటీ గదిలో అయిదుగురం. డాక్టరుగారు, ఇంకో ఇద్దరు సభ్యులు, నిదానంగారు, నేను. ఆయన సన్నబడ్డారు. పీకించుకున్న పన్ను వైపు బుగ్గ కాస్త లోపలికి పోయింది. నన్ను చూసి నమస్కారానికి తల వంచారు, అందరికీ వంచినట్టే.

ఆయన పని పావుగంటలో తేలిపోయింది. దంతాల డాక్టరుతో ముందే మాట్లాడారట. మెయిల్ బయల్దేరిన ఫోను మేనేజరుగారిదేనని ఆయనే మొన్న ఒప్పుకున్నారట. సోమవారం నుంచి మీరు రావచ్చు, జరిగినదానికి కమిటీ చింతిస్తోంది అని డాక్టరుగారు అన్నారు. నాకు ఊపిరాడింది. నిజంగా సంతోషించాను, అది కూడా రాసుకోవాలి.

తర్వాత నా సంగతి. నేను చెప్పింది చెప్పినట్టు ఆయనకి చదివి వినిపించారు. పొరపాటున జరిగింది, ఒకటో తారీఖున చూసి మూడున తనే వచ్చి చెప్పింది, కాబట్టి ఉంచాలా వద్దా అన్నది మీ మాట మీద వదిలేస్తున్నాం, మీరేమైనా అడగాలా అన్నారు.

ఆయన నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. ఆరేళ్ళు పని చెప్పిన గొంతే.

"నేను నీకు రాసింది ఎప్పుడు చదివావు?"

మొన్న అంటే అయిపోయేది. ఆయన నమ్మేవారు. ఒకరి మాట నమ్మకపోవడం ఆయనకి చేతకాదు. డాక్టరుగారు కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు, జవాబు ఆవిడకి తెలిసిందే కదా.

"పదిహేడునే చదివానండీ. వచ్చిన పావుగంటలో. జవాబు అంతకుముందే, పదమూడున చదివాను. మీరు గేటు దగ్గరికి వచ్చిన రోజు కిటికీలోంచి చూశాను."

డాక్టరుగారు అప్పుడు తలెత్తారు. నిదానంగారు బల్ల మీది తన కాగితాలు ఒక్కొక్కటే అంచులు కలిపి సర్దారు. నిదానమే ఆయన పద్ధతి గానీ ఇది అది కాదు. నేను నిలబడే ఉన్నాను. ఇంకా ఏమైనా చెప్పాలనుకున్నాను, కోపమనీ తొందరనీ, కానీ ఆయన అడగలేదు.

"పనికి ఉంచండి డాక్టరుగారూ," అన్నారు చివరికి. "పని బాగా వచ్చు. సర్వర్ మాత్రం మళ్ళీ ఆ అమ్మాయి చేతికి నేనివ్వను."

రాసుకున్నారు. నాకు సమ్మతమేనా అని అడిగారు. సమ్మతమే అన్నాను. ఆయన జాగాలో నేనున్నా ఇవ్వను.